పాత ఉన్ని సూటు చేతికొచ్చాక: కాలం పోల్చడం, బాగుచేయడం, దాన్ని చూసి ప్యాంటు కుట్టడం

మీరు అడిగింది ఇది: బూడిద రంగు ఉన్ని సూటు ఒకటి దొరికింది. కోటు, వెయిస్ట్‌కోటు, ప్యాంటు మూడూ ఉన్నాయి. ఏ కాలానిదో తెలియదు. అక్కడక్కడ పురుగు కొట్టింది, చంకలో లైనింగ్ చీలింది, ప్యాంటు నడుము బిగుతు. దీన్ని శుభ్రం చేసి వేసుకోవచ్చా, ఆ ప్యాంటు చూసి అలాంటిదే ఇంకొకటి ఇంట్లో కుట్టుకోవచ్చా?

రెండూ చేయవచ్చు. అయితే నీళ్ల బకెట్ దగ్గరికీ కత్తెర దగ్గరికీ ఇప్పుడే వెళ్లకండి. పాత మగవాళ్ల దుస్తుల్లో అసలు పనితనమంతా లోపలి వైపు ఉంటుంది. కుట్ల పక్కన దాచిన మిగులు గుడ్డ, ఛాతీ లోపలి కాన్వాస్, జేబు సంచీ గుడ్డ, చేతితో వేసిన కాజాలు, లేబుల్ కుట్టిన తీరు, ఇవన్నీ చూస్తే బట్ట వయసు తెలుస్తుంది, ఎంత పెంచవచ్చో తెలుస్తుంది, ఎలా కుట్టారో కూడా తెలుస్తుంది. అందుకే పని ఏదైనా లోపల చూడటంతో మొదలుపెట్టండి.

అంతకంటే ముందు పురుగు సంగతి. పురుగు కొట్టిన ఉన్ని బట్టను మిగతా బట్టలున్న బీరువాలో ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు. ఎగిరే చిమ్మెట బట్టను తినదు. దాని గుడ్లలోంచి వచ్చే లార్వా ఉన్నిలోని కెరటిన్ తింటుంది. చెమట, తిండి మరకలు ఉన్నచోట ఇంకా ఇష్టంగా తింటుంది. వెలుతురు తగలని చోట్లు దానికి కావాలి కాబట్టి కాలర్ కింద, జేబు మూతల కింద, ల్యాపెల్ (ఛాతీ మీద వెనక్కి మడిచిన కోటు అంచు) మడత వెనక, ప్యాంటు కవట (రెండు కాళ్లు కలిసే చోటు) దగ్గర, కాలి చివర బయటికి మడిచిన మడతల్లో వెతకండి. ఆ మడతల్లో పేరుకున్న నూగు దానికి గూడులాంటిది. మడతకు రెండు పక్కలా వేసిన టాకాలు విప్పి, నూగంతా దులిపి, మళ్లీ టాకా వేయండి.

బ్రష్‌తో దులిపాక బట్టను మందపాటి పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత నొక్కి తీసి, అంటించి మూయండి. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచండి. మామూలు ఫ్రిజ్ పై అర అంత చల్లబడుతుందో లేదో థర్మామీటర్ పెట్టి చూసుకోండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పవద్దు. గది వేడికి వచ్చేదాకా, అంటే దాదాపు ఒక రోజు, అలాగే మూసి ఉంచాలి. ముందే విప్పితే గాలిలోని తేమ చల్లటి బట్ట మీద నీరై కూర్చుంటుంది. దేవదారు చెక్కలు, కలరా ఉండలు లోపలున్న లార్వాను నమ్మకంగా చంపలేవు. కలరా ఉండల వాసన ఉన్నిలోంచి పోవడానికి నెలలు పడుతుంది కూడా.

ఇక వయసు. ఒక్క గుర్తు చూసి కాలం తేల్చవద్దు. మూడు నాలుగు గుర్తులు ఒకే దశాబ్దం వైపు చూపిస్తేనే నమ్మండి.

మొదట ప్యాంటు ముందు పట్టీ చూడండి. మగవాళ్ల ప్యాంట్లలో జిప్పు 1930ల మధ్య నుంచి కనిపిస్తుంది. కాని చేతి పని టైలర్లు 1950ల్లో కూడా గుండీలే పెట్టారు. కాబట్టి గుండీలు ఉన్నంత మాత్రాన 1930కి ముందుది అనుకోకండి. జిప్పు ఉంటే దాన్ని కుట్టిన దారం, పక్క కుట్ల దారం ఒకే రంగు, ఒకే మందం అవునా అని చూడండి. తేడా ఉంటే జిప్పు తరువాత మార్చినది, దాన్ని బట్టి కాలం చెప్పకూడదు.

తరువాత లేబుళ్లు. కోటు లోపలి జేబును లోపలికంటా తిప్పి చూడండి. కొలతలిచ్చి కుట్టించుకున్న సూటైతే అక్కడ చిన్న గుడ్డ చీటీ మీద సిరాతో యజమాని పేరు, తేదీ రాసి ఉండే అవకాశం ఎక్కువ. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకొకటి లేదు. అమెరికాలో తయారైన సూటైతే జేబులో అమాల్గమేటెడ్ క్లోతింగ్ వర్కర్స్ ఆఫ్ అమెరికా అనే కార్మిక సంఘం లేబుల్ ఉండవచ్చు. దాని మీద 1936, 1939, 1949, 1962 లాంటి సంవత్సరం కనిపిస్తుంది. చాలామంది అదే కుట్టిన ఏడాది అనుకుంటారు. అది ఆ లేబుల్ నమూనా నమోదైన ఏడాది. 1949 అని ఉంటే సూటు 1949కి, తరువాతి నమూనా వచ్చిన 1962కి మధ్యది అని అర్థం. బ్రిటన్‌లో తయారైన వాటిలో సీసీ41 గుర్తు ఉంటే అది యుద్ధకాలపు యుటిలిటీ పథకం కింద 1941 నుంచి 1952 లోపు వచ్చినది. అక్కడే 1942 నుంచి ప్యాంటు కాళ్లకు బయటి మడతలు, రెండు వరసల గుండీల కోట్లు నిషేధించారు. 1944లో ఆ నిబంధనలు సడలించారు. సాదా కాళ్లు, తక్కువ జేబులు, తక్కువ గుండీలు కలిసి కనిపిస్తే ఆ రోజులను అనుమానించవచ్చు.

సూటు ఫలానా ఏడాదికి ముందుది కాదని తేల్చడం ఇంకా తేలిక. వూల్‌మార్క్ గుర్తు 1964లో మొదలైంది. అది ఉంటే సూటు అంతకు ముందుది కాదు. ఉతికే సూచనలు శాశ్వతంగా కుట్టి ఉన్న అమెరికా లేబుల్ 1972 తరువాతిది. బట్టలో పాలిస్టర్ ఉంటే 1950లకు ముందుది కాదు. పాలిస్టర్ ఉందో లేదో తెలుసుకోవడానికి లోపలి మిగులు గుడ్డ నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, పళ్లెం మీద అంటించి చూడండి. ఉన్ని కాలిన వెంట్రుక వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పత్తి కాగితంలా కాలుతుంది. పడుగు (నిలువు పోగులు) నుంచి ఒక పోగు, పేక (అడ్డ పోగులు) నుంచి ఒక పోగు విడివిడిగా కాల్చండి, రెండూ ఒకే రకం కాకపోవచ్చు.

బట్ట బరువు కూడా ఒక గుర్తే. పాత సూటు గుడ్డలు గజానికి 14 నుంచి 18 ఔన్సుల దాకా ఉండేవి, అంటే పొడవు మీటరుకు రమారమి 430 నుంచి 560 గ్రాములు. ఇప్పటి మామూలు సూటు గుడ్డ 8 నుంచి 10 ఔన్సులు. ఆ బరువే పాత ప్యాంటు కాలు నిలువుగా జారిపడటానికి కారణం. తేలిక గుడ్డతో అదే కత్తిరింపు కుడితే ఆ వాలు రాదు. కింద ప్యాంటు కుట్టే దగ్గర ఇది గుర్తుంచుకోండి.

కోటు లోపల కాన్వాస్ ఉందా, జిగురుతో అంటించిన అస్తరు ఉందా అనేది శుభ్రం చేసే పద్ధతిని నిర్ణయిస్తుంది. అన్నిటికంటే కింది కాజాకు కొంచెం దిగువన ముందు భాగాన్ని రెండు చేతుల వేళ్లతో పట్టి పొరలను విడదీయండి. బయటి గుడ్డ, లోపలి ఫేసింగ్, వాటి మధ్య స్వేచ్ఛగా కదిలే మూడో పొర తగిలితే అది కాన్వాస్. రెండే తగిలి, బయటి పొర బిర్రుగా ఉంటే అంటించినది. అంటించే పద్ధతి 1960ల నుంచి బాగా వ్యాపించింది, కాబట్టి అంతకు ముందు సూట్లలో కాన్వాసే ఎక్కువగా ఉంటుంది. ఆ కాన్వాస్‌లో ఉన్ని, పత్తి, గుర్రపు వెంట్రుక కలిసి ఉంటాయి. ల్యాపెల్ లోపల దాన్ని వందల చిన్న వాలు కుట్లతో బయటి గుడ్డకు పట్టి ఉంచుతారు.

ఇందుకే కోటును నీటిలో ముంచకూడదు. బయటి ఉన్ని, కాన్వాస్, కాలర్ లోపలి నార గుడ్డ, భుజం దూది, రేయాన్ లైనింగ్ ఒక్కొక్కటి ఒక్కో కొలతలో కుంచించుకుంటాయి. ఆరాక ఛాతీ మీద బుడగలు, ల్యాపెల్ అంచున అలలు వస్తాయి. అవి ఇస్త్రీకి లొంగవు. రేయాన్ తడిసినప్పుడు సగం బలమే మిగుల్చుకుంటుంది, అప్పటికే చిరిగిన చంక అక్కడే తెగిపోతుంది. కోటుకు, వెయిస్ట్‌కోటుకు సరిపడే పద్ధతి ఇది: పరుపు మీద పరిచి, వాక్యూమ్ క్లీనర్ నోటికి నైలాన్ వల కట్టి, తక్కువ పీల్పు మీద రెండు వైపులా లాగండి. తరువాత గుర్రపు వెంట్రుక బ్రష్‌తో పడుగు వెంట పై నుంచి కిందికి దువ్వండి. నీడలో రెండు మూడు రోజులు గాలికి వేలాడదీయండి. మరక ఒక్కచోటే ఉంటే అక్కడ మాత్రమే చల్లటి నీటిలో తడిపి గట్టిగా పిండిన తెల్ల గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. ముందుగా లోపలి కుట్టు మిగులు మీద తడి తెల్ల గుడ్డను ఒక నిమిషం నొక్కి పట్టి రంగు దిగుతుందేమో చూడాలి. గోళ్ల రంగు తీసే ద్రావకంలో అసిటోన్ ఉంటుంది. అసిటేట్ లైనింగ్ మీద అది ఒక్క చుక్క పడినా గుడ్డ కరిగి చిల్లు పడుతుంది. డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాల్సి వస్తే గుండీల మీద రేకు చుట్టి, వాళ్లకు పాత బట్ట అని చెప్పి, ప్రెస్సింగ్ మాత్రం వద్దని చెప్పండి. యంత్రపు ప్రెస్ ల్యాపెల్ మడతను గీతలా అణగదొక్కుతుంది. సున్నితంగా దొర్లాల్సిన ల్యాపెల్‌ను పలకలా చేసేస్తుంది.

చంక దగ్గర చీలిన లైనింగ్‌కు అతుకు వేయడం కంటే చేతుల లైనింగ్ పూర్తిగా మార్చడం మేలు. చెమట తిన్న గుడ్డకు కొత్త కుట్టు పట్టదు, పక్కనే మళ్లీ చీలుతుంది. పాత చేతి లైనింగ్‌ను జాగ్రత్తగా విప్పి, చల్లటి ఇస్త్రీ చేసి, అదే నమూనాగా వాడండి. కుప్రో (పత్తి నుంచి తీసే, పట్టులాంటి లైనింగ్ గుడ్డ) దొరికితే అదే తీసుకోండి, గాలి ఆడుతుంది, జారుతుంది. చేతులకు మాత్రమే 140 సెం.మీ. పన్నా గుడ్డ 70 నుంచి 80 సెం.మీ. చాలు. కోటు మొత్తానికి 1.5 నుంచి 1.75 మీటర్లు పడుతుంది. చంక చుట్టూ లైనింగ్‌ను మిషను మీద కాదు, చేతితో సన్నటి హెమ్మింగ్ కుట్టుతో కలపాలి. పట్టు దారం వాడితే కొంచెం సాగుతుంది, అందువల్ల చేయి ఎత్తినప్పుడు తెగదు. వెనక మధ్యలో 2 నుంచి 2.5 సెం.మీ. మడత, అంచు దగ్గర 1 సెం.మీ. వదులు తప్పనిసరి. ఆ వదులు లేకపోతే లైనింగ్ కోటును లోపలికి లాగుతుంది, వెనక భాగం ముడుచుకుపోయినట్టు కనిపిస్తుంది.

పురుగు చిల్లులకు రఫ్ఫు చేయడానికి దారం బయట వెతకవద్దు. ప్యాంటు సీటు కుట్టు మిగులులోనో, అంచు మడత లోపలో 10 సెం.మీ. పొడవు పోగులు దొరుకుతాయి. పడుగు పోగులు పడుగుకు, పేక పోగులు పేకకు విడిగా తీసుకోండి. 3 మి.మీ. లోపు చిల్లైతే సూదితో పోగు వెంట పోగు కింద, మీద అల్లితే బట్ట నేత మధ్య కలిసిపోతుంది. చిల్లు అంచు దాటి ప్రతి వైపూ 5 మి.మీ. దాకా పోగులు అల్లాలి, లేదంటే బిగి తట్టుకోలేదు. అంతకంటే పెద్ద చిల్లు జేబు మూత పైన, ల్యాపెల్ మీద ఉంటే ఇంట్లో చేయకండి. అలాంటి పని చేసే రఫ్ఫు నిపుణులు ఉంటారు. తెలియని చేతి పని అక్కడ చిల్లు కంటే ఎక్కువ కనిపిస్తుంది.

నడుము బిగుతు విషయంలో మీకు శుభవార్త ఉండే అవకాశం ఎక్కువ. ప్యాంటును తిరగేసి వెనక సీటు కుట్టు చూడండి. నడుం పట్టీ కూడా అక్కడే రెండుగా విడిపోయి ఉంటే, ఆ కుట్టు అన్నిటికంటే చివరగా వేసినదని అర్థం. పాత మంచి ప్యాంట్లలో పై చివర ఒక్కో వైపు 3 నుంచి 4 సెం.మీ. గుడ్డ దాచి, కవట వైపు వెళ్లే కొద్దీ సన్నగా తగ్గిస్తారు. ఒక్కో వైపు 2.5 సెం.మీ. విడిస్తే నడుము మొత్తం 5 సెం.మీ. పెరుగుతుంది. పాత కుట్టు గీత మచ్చగా కనిపిస్తుందేమో ముందే చూడాలి. కుట్టు కొంచెం విప్పి, తడి నూలు గుడ్డ వేసి ఆవిరి పట్టి, పక్క గుడ్డతో పోల్చండి. లోపలి రంగు ఎక్కువ ముదురుగా ఉండి, సూది గుచ్చుళ్లు మూసుకోకపోతే విడవకండి. అది కోటు కింద కనబడదు అనుకుంటే అది వేరే సంగతి.

కోటులో పక్క కుట్ల దగ్గర 4 సెం.మీ. దాకా లోపలికి తీయవచ్చు. చేయి పొడవును మడత లోపల గుడ్డ ఉంటే 2 నుంచి 3 సెం.మీ. పెంచవచ్చు. కాని భుజం, చంక కోత మార్చవద్దు. కోటు భుజం మీ భుజం కంటే 1.5 సెం.మీ. కు మించి వెడల్పుగా ఉంటే దాన్ని చూసి ఆనందించండి, నేర్చుకోండి, వేసుకోవడానికి కొనవద్దు. అక్కడ చేయి, కాలర్, కాన్వాస్, దూది నాలుగూ కలిసి ఉంటాయి. ఒకటి విప్పితే నాలుగూ విప్పాలి. ఇకపై కొనేటప్పుడు లేబుల్ మీది సైజు చూడకండి, బల్ల మీద పరిచి గుండీ పెట్టి కొలవండి. చంక నుంచి చంకకు కొలిచి రెట్టింపు చేస్తే ఛాతీ కొలత. అది మీ ఛాతీ కంటే 10 నుంచి 12 సెం.మీ. ఎక్కువ ఉంటే సరి. 1930లు, 40ల వదులు కత్తిరింపైతే ఇంకో 3 సెం.మీ. ఉన్నా అది లోపం కాదు, ఆ కాలపు తీరే అది.

ఇప్పుడు ప్యాంటు కుట్టడం. మొదటి పని కోటు పెట్టుకోవాలనే ఆశ ఉంటుంది. ప్యాంటుతో మొదలుపెట్టడం సరైన నిర్ణయం. కోటులో ఉండే ఇస్త్రీ పని, జేబు పని, చేతి కాజా పని అన్నీ ప్యాంటులో ఉంటాయి, కాన్వాస్ ఒక్కటే ఉండదు.

పాత ప్యాంటును విప్పకుండా నమూనా తీయవచ్చు. మెత్తటి బోర్డు మీద కాగితం పరచండి. ప్యాంటు కాలి మీద పడుగు దారం ఎటు వెళుతుందో చూసి, ముందు మడత గీత వెంట రంగు దారంతో కచ్చా కుట్టు వేసుకోండి. అదే మీ నిలువు గీత. కాలు ముందు భాగం ఒక్కటే కాగితం మీద నునుపుగా పరిచి, కుట్టు గీత వెంట ప్రతి 2 సెం.మీ. కు గుండుసూది నిలువుగా గుచ్చండి. గుచ్చుళ్లను కలిపితే ఆకారం వస్తుంది. తరువాత టేపుతో ప్రతి కుట్టు పొడవును ప్యాంటు మీద కొలిచి, కాగితం మీది గీతతో సరిచూడండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మోకాళ్లు, సీటు పాత యజమాని ఒంటికి సాగి ఉంటాయి. ఆ ఉబ్బును అలాగే దింపుకుంటే కొత్త ప్యాంటు మొదటి రోజే వాడినదానిలా ఉంటుంది. గీత ఉబ్బిన చోట దాన్ని సాపు చేయండి.

రెండో విషయం, లోపలి కాలు కుట్టు. వెనక ముక్క కవట దగ్గర ముందు ముక్క కంటే 0.5 నుంచి 1 సెం.మీ. పొట్టిగా ఉంటే పొరపాటు అనుకోకండి. పాత టైలర్లు ఆ భాగాన్ని ఆవిరి ఇస్త్రీతో సాగదీసి ముందు ముక్కకు కలిపేవారు. అలా చేస్తే తొడ వెనక గుడ్డ ముడతలు పడకుండా కూర్చుంటుంది. మీరూ అదే చేయండి.

గుడ్డ ఎంత కావాలి? 150 సెం.మీ. పన్నాలో మామూలు కొలతకు 1.5 మీటర్లు, ముందు ప్లీట్లు, కాలి మడతలు, వెడల్పు కాళ్లు పెడితే 1.8 నుంచి 2 మీటర్లు. జేబు సంచులకు గట్టి నూలు గుడ్డ అర మీటరు. బరువు మీటరుకు 380 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. కత్తిరించే ముందు గుడ్డను కుదించాలి. తడిపి గట్టిగా పిండిన దుప్పటిలో ఉన్నిని పొరలు పొరలుగా చుట్టి రాత్రంతా ఉంచి, ఉదయం విప్పి నేల మీద పరిచి ఆరబెట్టండి, వేలాడదీయవద్దు. ఈ పని వదిలేస్తే మొదటి ఆవిరి ఇస్త్రీకే ప్యాంటు పొట్టిదవుతుంది.

కత్తిరింపులో వెనక సీటు కుట్టుకు పై చివర 4 సెం.మీ., కవట దగ్గర 1 సెం.మీ. మిగులు ఇవ్వండి. లోపలి కాలు వెనక ముక్కకు పైన 2 సెం.మీ., పక్క కుట్లకు 1.2 సెం.మీ. పెట్టండి. కాలి మడత 4.5 సెం.మీ. ఉండాలంటే పూర్తయిన పొడవు కింద 4.5 రెండుసార్లు, ఆపైన లోపల కుట్టడానికి 3.5, మొత్తం 12.5 సెం.మీ. గుడ్డ వదలాలి. కాలు కిందికి సన్నబడుతూ వస్తే ఆ 12.5 సెం.మీ. లో పక్క గీతలు అద్దంలో ప్రతిబింబంలా మళ్లీ విప్పుకోవాలి. నిటారుగా కోస్తే మడత కాలిని పట్టేసి ముడుచుకుంటుంది.

కుట్టే వరస: ముందు ప్లీట్లు కచ్చా కుట్టుతో పట్టి, జేబులు, ముందు పట్టీ, పక్క కుట్లు, లోపలి కాలు కుట్లు. ఒక్కో కాలు విడిగా మడత గీత ఇస్త్రీ చేయాలి. రెండు కాళ్లూ కలిపాక ఆ ఇస్త్రీ సరిగ్గా రాదు. తరువాత నడుం పట్టీని ఎడమ కాలికి ఒక ముక్క, కుడి కాలికి ఒక ముక్కగా విడివిడిగా కుట్టండి. చివరగా వెనక సీటు కుట్టు, పట్టీని కూడా కలుపుకుని. ఈ కుట్టు రెండుసార్లు వేయండి, దారం 40 లేదా 50 నంబరు, సూది 90, కుట్టు 2.5 మి.మీ. కూర్చున్నప్పుడు భారమంతా ఇక్కడే పడుతుంది. సీటు కుట్టు వంపులో మిషను మీద పూర్తిగా సాగదీసి పట్టి కుట్టాలి, లేకపోతే దారం పటుక్కున తెగుతుంది.

నడుము నాభి దగ్గర కూర్చునే కత్తిరింపైతే బెల్టు కంటే భుజాల మీదుగా వేసే బ్రేసులు సరిపోతాయి. దానికోసం నడుములో 2 నుంచి 3 సెం.మీ. వదులు ఇవ్వండి. గుండీలు ఆరు: ముందు ఒక్కో వైపు రెండు, మొదటిది మడత గీత దగ్గర, రెండోది దాని నుంచి పక్కకు 8 నుంచి 9 సెం.మీ. దూరంలో, వెనక రెండు, మధ్య కుట్టుకు ఇటూ అటూ 3.5 నుంచి 4 సెం.మీ. లో. గుడ్డ వెనక ఒక చిన్న నూలు ముక్క పెట్టి గుండీ కుట్టండి, లేదంటే గుడ్డే చిరుగుతుంది.

ముడతలు చూసి లోపం చెప్పవచ్చు. కవట నుంచి తొడ మీదకు చుట్టూ వీణతీగల్లా గీతలు లాగుతుంటే వెనక ముక్క కవట కొస పొట్టిది, 1 సెం.మీ. పెంచండి. ఆ 2 సెం.మీ. మిగులు ఇందుకే. నిలబడినప్పుడు సీటు కింద గుడ్డ పొరలుగా వాలితే సీటు కుట్టు మరీ వాలుగా ఉంది, పై చివరను కొంచెం నిటారుగా తేవాలి. అయితే మరీ నిటారు చేస్తే కూర్చున్నప్పుడు నడుం పట్టీ వెనక దిగిపోతుంది. నిలబడి చూసుకోవడం, కుర్చీలో కూర్చుని చూసుకోవడం రెండూ చేశాకే కుట్టు ఖాయం చేయండి. ముందుగా చౌక నూలు గుడ్డతో నడుము నుంచి మోకాలు దాకా ఒక నమూనా కుట్టి చూసుకుంటే ఉన్ని వృథా కాదు.

కాజాలు చేతితో వేయడానికి భయపడకండి. కోటు ముందు గుండీ 20 మి.మీ., చేతి గుండీలు 15 మి.మీ. ప్యాంటుకు 17 మి.మీ. కాజా పొడవు గుండీ వెడల్పు కంటే 2 మి.మీ. ఎక్కువ. ముందు చీల్చండి, గుండీ కూర్చునే కొసన చిన్న గుండ్రటి రంధ్రం చేయండి. అంచు చుట్టూ సన్నగా పక్కా కుట్టి పోగులు విడిపోకుండా కట్టండి. అంచు వెంట మైనం పట్టించిన గట్టి దారం ఒకటి పడుకోబెట్టి, దాని మీదుగా పట్టు దారంతో ముడి కుట్టు వేయండి. కుట్టుకూ కుట్టుకూ మధ్య 1 మి.మీ. లోపు, లోతు 2.5 మి.మీ. ముడులన్నీ కోసిన అంచు మీదే కూర్చోవాలి. లోతు ఒకేలా ఉండటం బిగువు కంటే ముఖ్యం. పాత ప్యాంటు గుడ్డలాంటి మిగులు ముక్క మీద ఇరవై వేశాక ఇరవై ఒకటోది మీకే నచ్చుతుంది.

గుండీల సంగతి కూడా చెప్పాలి. పాత సూట్లలో కొమ్ము, టాగువా (ఒక రకం తాటి జాతి చెట్టు) గింజ, కేసీన్ గుండీలు ఉంటాయి. కేసీన్ పాల నుంచి చేసినది, వేడి నీళ్లు, ఆవిరి తగిలితే మెత్తబడి మెరుపు పోతుంది. ఇస్త్రీ పెట్టె దాని మీద పెట్టవద్దు. పాత విడి కాలర్లు సెల్యులాయిడ్‌వి అయితే అవి చాలా వేగంగా అంటుకుంటాయి, ఇస్త్రీకీ దీపానికీ దూరంగా ఉంచండి.

ఈ సూటుతో వేసుకునే పాత పత్తి చొక్కాలకు ఒక పని చెప్తాను. కాలర్ మడత అరిగి పోగులు లేస్తే చొక్కా పారేయకండి. నిలువు పట్టీ నుంచి కాలర్‌ను విప్పి, తిరగేసి, అదే కుట్టు రంధ్రాల మీద మళ్లీ కుట్టవచ్చు. విప్పే ముందు కాలర్ మధ్య, పట్టీ మధ్య దారంతో గుర్తు పెట్టండి. ముందుగా కాలర్ అడుగు వైపు చూడండి. ప్లాస్టిక్ పుల్లల జేబులు అక్కడ ఉంటే తిరగేశాక అవి బయటికి కనిపిస్తాయి, కాబట్టి వాటిని విప్పి మూసేయాలి. పసుపెక్కిన తెల్ల పత్తికి ముందు మామూలు నీటిలో గంజి పోయేదాకా నాననిచ్చి, తరువాత 40 డిగ్రీల నీటిలో లీటరుకు 15 గ్రాముల సోడియం పెర్కార్బొనేట్ కలిపి 4 నుంచి 8 గంటలు నానబెట్టండి. ఇది ఉన్నికీ పట్టుకూ పనికిరాదు. క్లోరిన్ బ్లీచ్ పాత పత్తిని ఒక్కసారికే బలహీనం చేస్తుంది.

దాచేటప్పుడు సన్న తీగ హ్యాంగర్ వద్దు. భుజం దగ్గర 5 సెం.మీ. మందం ఉన్న వంకీ హ్యాంగర్ వాడండి, దాని కొసలు చేతి కుట్టు దాటి పోకూడదు, దాటితే పై చేతి మీద గుంత పడుతుంది. పైన నూలు గుడ్డ సంచి తొడగండి, ప్లాస్టిక్ కాదు. గది తేమ 50 నుంచి 55 శాతం ఉంటే మంచిది, 65 దాటితే బూజు పడుతుంది. ప్యాంటు, కోటు నుంచి ఊడిన గుండీలు, విప్పిన లేబుల్, రఫ్ఫుకు లాగిన పోగులు, మిగులు గుడ్డ ముక్కలు ఒక కాగితపు కవరులో పెట్టి, మీరు తీసుకున్న కొలతలు దాని మీద రాసి, అదే హ్యాంగర్‌కు కట్టి ఉంచండి. తరువాత చిల్లు పడినా, ప్యాంటు మళ్లీ కుట్టాలన్నా ముందుగా అక్కరకొచ్చేది ఆ కవరే.